ఫ్లోరా రహస్య మనవి

శుక్రవారం ఉదయం ఫ్లోరా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకి కూతురు జూడీని స్కూలు ఆటో ఎక్కించాలి. ఎనిమిదిన్నరకల్లా భిలాయిలోని ఖుర్సీపార్ నుంచి సైకిలు మీద సెక్టర్ ఆరుకి చేరాలి. ఒంటిగంట దాకా సత్యారావు గారిని చూసుకోవాలి. ఒకటిన్నరకి జూడీ ఆటో దిగే చోట నిలబడాలి. నాలుగింటికి చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళాలి. ఇందులో భయపడడానికని వేరే టైమేమీ పెట్టుకోలేదు. అయినా లేచిన దగ్గర్నుంచి ఆమె ఆపకుండా చేస్తున్న పని అదొక్కటే.

సోమవారం పదకొండు గంటలకి సహాయ సమితి ఆఫీసరు వస్తున్నాడు.

ఫ్లోరా భర్త రాబర్ట్ నాలుగేళ్ళ కిందట రాయగఢ్‌లో కాంట్రాక్టు పని దొరికిందని వెళ్ళాడు. అక్కడ అతనికి పనితో పాటు ఇంకో సంసారం కూడా దొరికింది. అప్పట్నుంచి ఒంటరి తల్లులకి సమితి ఇచ్చే నెలసరి సహాయంతోనే జూడీ స్కూలు ఫీజు, ఆటో కిరాయి గడుస్తున్నాయి. తిండి సంగతి ఫ్లోరా కుట్టే జాకెట్లు చూసుకునేవి. ఇన్నాళ్ళూ ఏడాదికోసారి వెళ్ళి సంతకం పెడితే సరిపోయేది. ఈ జూన్ నుంచి రూలు మారింది. నలభై ఐదేళ్ళ లోపు తల్లులు ఇంటి బయట రోజుకి నాలుగు గంటలు పని చెయ్యాలి. పని ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం తేవాలి. ఆ ఉత్తరం నిజమో కాదో ఆఫీసరు పని చేసే చోటికే వచ్చి చూసుకుంటాడు. తేడా ఉంటే ఆ నెల నుంచే సహాయం బంద్.

రూలు రాసినవాళ్ళకి పిల్లలు లేరో, ఉంటే వాళ్ళని ఇంకెవరు ఆటో ఎక్కిస్తున్నారో తెలియదు. స్వీటు దుకాణం వాడు పదింటికి రమ్మన్నాడు, రాత్రి తొమ్మిదింటికి పొమ్మన్నాడు. హాస్టల్లో రొట్టెలు చెయ్యడానికి తెల్లారి నాలుగింటికి రమ్మన్నారు. "పిల్ల స్కూల్లో ఉన్నంత సేపే సేస్తానండి" అని ఫ్లోరా అంటే, "అయితే స్కూల్లోనే అడక్కపోయావా" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. అడిగింది. అక్కడ ఆయాలు పిల్లలకన్నా గంట ముందు రావాలి, పిల్లలు వెళ్ళాక రెండు గంటలకి వెళ్ళాలి. పిల్లల కోసం పెట్టిన బడిలో పిల్లలున్న ఆయాకి చోటు లేదని తేలింది.

ఇలా తిరిగి తిరిగి చెప్పులు అరిగాక సత్యారావు గారి ఇల్లు దొరికింది. ఆయన స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. కొడుకు సంజయ్ ప్లాంటులోనే పని చేస్తాడు, కోడలు కృష్ణప్రియ ఆఫీసుకి వెళ్తుంది. పోయినేడాది వర్షాకాలం బాత్రూంలో జారిపడి పెద్దాయన తుంటి ఎముక విరిగింది. అది అతుక్కుందని, లేచి నడవమని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ఆయన వినలేదు. "ఫర్నేస్ ఓపాలి సల్లారిపోయిందంటే మరి అంటుకోదు డాక్టరుగారూ" అని మంచం మీదే ఉండిపోయారు. ఆయన ఫర్నేస్ కథలు భరించలేక ఇద్దరు మనుషులు మానేశారు. ఫ్లోరా మానలేదు. ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా అనే ఉద్యోగం భిలాయి మొత్తానికి అదొక్కటే ఉందని ఆమెకి తెలుసు.

కృష్ణప్రియ ఉత్తరం రాసిచ్చింది. ఇక ఆఫీసరు వచ్చి చూడడమే మిగిలింది. ఫ్లోరా భయమంతా అక్కడే ఉంది. ఏం అడుగుతాడో, ఏం వెతుకుతాడో. పోయిన వారం ఖుర్సీపార్‌లో ఇద్దరికి సహాయం ఆపేశారని విన్నది.

సాయంత్రం స్త్రీల కూటం చివర్లో లూసీ అక్క మామూలుగా అడిగింది. "ఎవలికైనా ప్రార్థన మనవులుంటే సెప్పండి."

లూసీ ఆసుపత్రిలో ఆయా. కూటానికి పెద్ద దిక్కు. ఒకామె మోకాళ్ళ నొప్పులంది, ఇంకొకామె కొడుకు ప్రమోషనంది. ఫ్లోరా లేచి నిలబడింది. సహాయం డబ్బు మీద బతుకుతున్నానని నలుగురిలో చెప్పడానికి నోరు రాలేదు.

"నాది రహస్య మనవండి" అంది. "సోమవారం పదకొండు గంటలకి. నాకు శానా బయంగా ఉన్నాది. గట్టిగా ప్రార్థన సెయ్యండి."

ఆ చర్చిలో రహస్య మనవి అంటే ఒక పద్ధతి ఉంది. అదేమిటని ఎవరూ అడగకూడదు. అడగకూడదు కాబట్టి ఎవరికి వాళ్ళు ఊహించుకోవాల్సిందే. అందరూ "ఆమెన్" అన్నారు, అందరూ ఫ్లోరాని తలనుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసుకున్నారు. రహస్యంతో పాటు టైము కూడా చెప్పడం ఫ్లోరా చేసిన తప్పు.

ఆమె జూడీ చెయ్యి పట్టుకుని గేటు దాటగానే కూటంలోని కుముదిని, "కోర్టు కేసేమో. రాబర్ట్ మీదేమో" అంది.

"కోర్టయితే పదింటికి రమ్మంటారు" అంది లూసీ. "పదకొండంటే ఆపరేసనే. మా ఆసుపత్రిలో రెండో కేసు ఎప్పుడూ పదకొండుకే తీసుకుంటారు."

ఆసుపత్రిలో పనిచేసే మనిషి చెప్పాక ఇక సందేహమేముంది?

శనివారం కూరగాయల దగ్గర లూసీ ఎదురై ఫ్లోరా మణికట్టు పట్టుకుంది. "ఎంత సిక్కిపోయినావే. ఒకర్తివే ఎలగ మోస్తన్నావ్?"

విషయం లూసీకి ఎలాగో తెలిసిపోయిందనుకుంది ఫ్లోరా. ఒక పక్క సిగ్గేసింది, ఇంకో పక్క గుండె కాస్త తేలికైంది. "ఏటి సేస్తానక్కా, తప్పదు కదా. ఆయనొచ్చి సూసి సంతకం ఎట్టాల."

"ఆయన మంచోడేనా? సెయ్యి మంచిదేనా?"

"ఎవులికి తెలుసు. తేడా అయితే మరి జూడీ గతేటో నాకు తెల్దు." ఈ మాట అనేసరికి ఫ్లోరాకి నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. స్కూలు ఫీజు లేకపోతే పిల్ల చదువు ఆగిపోతుంది, ఆ భయం ఆమెని వారం నుంచి నిద్రపోనివ్వడం లేదు.

లూసీ ఏడ్చేసింది. "జూడీని నా కడుపులో ఎట్టుకుని సూసుకుంటాను. నువ్వు దైర్యంగా ఉండు."

ఫీజు కట్టలేకపోతే పిల్లని పెంచుకుంటానని ఎందుకంటోందో ఫ్లోరాకి బోధపడలేదు. లూసీ అక్కది ఎప్పుడూ కాస్త పెద్ద మనసే అనుకుని బెండకాయలు కొనుక్కుని ఇంటికెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "కత్తి పట్టిన చేతులకి నేర్పునివ్వు ప్రభువా" అని మూడుసార్లు ప్రార్థించారు. ఆదివారం కదా, మాంసం దుకాణాల వాళ్ళ గురించేమో అనుకుని ఫ్లోరా కూడా ఆమెన్ అంది. బయటికొస్తుంటే ఎవరో చేతిలో దానిమ్మపళ్ళు పెట్టారు. ఇంకెవరో గ్లూకోజ్ డబ్బా ఇచ్చారు. రక్తం ఏ గ్రూపని ఒకాయన అడిగాడు. ఫ్లోరాకి ఎప్పుడూ లేని భయం పట్టుకుంది. మనుషులు ఉన్నట్టుండి ఇంత మంచిగా ఉన్నారంటే ఏదో మూడిందన్నమాటే.

మూడింది కూడా. కుముదిని, కృష్ణప్రియ ఒకే ఆఫీసులో పనిచేస్తారు. సాయంత్రం కృష్ణప్రియ ఫోను చేసింది.

"ఫ్లోరా, రేపు నీకు ఆపరేషనంట కదా. చెప్పనే లేదు."

"నాకా? ఎవలు సెప్పినారు దీదీ? నాకేటీ లేదు."

"ఏమీ లేకపోతే చర్చిలో అందరూ ఎందుకు ప్రార్థన చేస్తారు? చూడు, నిన్ననడం లేదు. ఇంట్లో పెద్దాయనున్నారు. అంటుకునే జబ్బయితే కష్టం. రేపు ఆ ఆఫీసరొచ్చి వెళ్ళనీ, తర్వాత వేరే మనిషిని చూసుకుంటాను. పరేషాన్ అవకు."

పరేషాన్ అవకుండా ఎలా ఉంటుంది? ఫ్లోరా ఫోను పట్టుకుని గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. ఉద్యోగం పోతే సహాయం పోతుంది, సహాయం పోతే బడి పోతుంది. వెంటనే లూసీకి ఫోను చేసింది. కలవలేదు. ఆ సమయంలో లూసీ ఫ్లోరా కోసమే ఉపవాస ప్రార్థనలో ఉంది, ఫోను ఆపేసింది.

సోమవారం పదింటికి లూసీ, కుముదిని, కూటంలోనే ఉన్న లక్ష్మీకుమారి సెలవు పెట్టి మరీ ఫ్లోరా ఇంటికొచ్చారు, ఆసుపత్రికి తోడు వెళ్దామని. తలుపుకి తాళం ఉంది. పక్కింటి పైడమ్మ, "ఏటో మరి, రోజూలాగే సైకిలెక్కి సెక్టర్ ఆరుకి పనికెల్పోనాది" అంది.

"ఆపరేసన్ రోజు పనికెల్లిందా?" లూసీ గుండె మీద చెయ్యేసుకుంది. "బయంతో పారిపోయినాది. పదండి."

ఒక ఆటో మాట్లాడుకుని ముగ్గురూ బయల్దేరారు. అడ్రసు కుముదినికి తెలుసు.

సెక్టర్ ఆరులో ఫ్లోరా అప్పటికి పెద్దాయనకి గెడ్డం గీసి, ఇడ్లీ తినిపించి, ఉతికిన పంచె కట్టింది. ఆఫీసరుకి పని కనబడాలని మంచాన్ని ముందుగదిలోకి లాగి తెల్లదుప్పటి పరిచింది. స్టూలు మీద తువ్వాలు మడతపెట్టి ఉంది, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. సత్యారావు గారు కునుకు తీస్తున్నారు. పదిన్నర దాటాక వీధిలో ఆటో ఆగిన చప్పుడుకి ఆమె చేతిలో గిన్నె జారింది.

వచ్చింది ఆఫీసరు కాదు. కొంగులు తలమీద కప్పుకుని, బైబిళ్ళు పట్టుకుని ముగ్గురు ఆడవాళ్ళు.

"అక్కా, ఇక్కడికెందుకొచ్చినారు? ఎల్లిపొండి. పదకొండుకి ఆయనొచ్చీస్తాడు."

"ఇంటికే వొస్తాడా డాక్టరు?" లూసీ గదంతా చూసింది. తెల్లదుప్పటి, మరుగుతున్న నీళ్ళు, మడతపెట్టిన తువ్వాలు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఇంకేం కావాలి? "ఇంట్లో కోయించుకుంటావేటే పిచ్చిదానా. లైసెన్సు లేనోడేమో. ముందు ప్రార్థన సేద్దారి."

ఫ్లోరా నోరు తెరిచేలోపే ముగ్గురూ మంచం చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. మంచం మీద మనిషున్నాడన్నది వాళ్ళకి అడ్డు కాలేదు. సన్నగా పాట అందుకున్నారు. లక్ష్మీకుమారి వెక్కి వెక్కి ఏడవసాగింది.

సత్యారావు గారు కళ్ళు తెరిచారు. ముసుగులేసుకున్న ఆడవాళ్ళు తన చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. ఆయన వాళ్ళని వరసగా చూసి నెమ్మదిగా అడిగారు.

"అమ్మీ ఫ్లోరా, నాను ఎప్పుడు పోనాను?"

"మీరు పోలేదు బాబాయిగారూ."

"మరి ఈలెందుకేడస్తన్నారు?"

"నా గురించండి."

"నువ్వు పోనావేటి?"

"నేనూ పోలేదండి. నా మాట ఇనండి."

ఆయన వినలేదు. పోయేవాడికి ఎవరూ నిజం చెప్పరని ఆయనకి తెలుసు. ప్లాంటు ఆసుపత్రిలో ఎంతమందిని చూశారు. చేతులు జోడించారు. "సంజయ్‌కి సెప్పు, నా ఫర్నేస్ హెల్మెట్ ఎవులికీ ఇచ్చీవద్దని. మంచం దచ్చినానికి తిప్పండమ్మా. మాలో తల అటే ఉండాల."

చనిపోతున్న మనిషి కోరిక. మతం ఏదైతేనేం? లూసీ, కుముదిని చెరో పక్క పట్టారు. మంచం కోళ్ళు నేలమీద కీచుమంటూ గది మధ్యకొచ్చేసరికి గుమ్మంలో ఒకాయన చంకలో ఫైలుతో నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పేసి, తల వంచి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఎప్పుడైందండి?"

సహాయ సమితి ఆఫీసరు మనోజ్‌కుమార్ చరోదా రైల్వే కాలనీలో పుట్టిన తెలుగువాడు. మాట్లాడేది సగం హిందీ. ఫ్లోరా చెమటలు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"ఏటీ అవలేదు సార్. నేనే ఫ్లోరా. ఈ బాబాయిగారినే నేను సూసుకుంటన్నాను."

"డాక్టరుగారూ" అంటూ లూసీ మధ్యలోకొచ్చి చేతులు జోడించింది, "పిల్లకి నొప్పి తెల్లీకుండా సూడండి. ఒకర్తే, సిన్న బిడ్డున్నాది."

మనోజ్‌కుమార్ ఫ్లోరా వైపు, మంచం వైపు మార్చి మార్చి చూశాడు. "ఈమెకి కూడా బాలేదా?" ఫైలు మూసేశాడు. "చూడండి దీదీ, పని చేసే మనిషి రోజుకి నాలుగు గంటలు చెయ్యగలగాలి. పని ఇచ్చే ఇంట్లో ఆ పని కనీసం ఆరు నెలలుంటుందని నేను రాయాలి, అది ఫారంలోనే ఉంది. ఇద్దరిలో ఒక్కరైనా తబియత్ బాగుంటే ఏదో చేసేవాణ్ణి. ఇక్కడ రెండూ డౌటే."

ఫ్లోరా ఫైలుకి అడ్డంగా నిలబడింది. నాలుగేళ్ళుగా దాచుకున్న సిగ్గంతా ఆ క్షణంలో ఎటుపోయిందో తెలియదు. ఆమె అందరికీ వినబడేలా చెప్పేసింది.

"నాకే రోగం లేదు. ఆపరేసనూ లేదు. నేను సమితి సాయం మీద బతుకుతన్నాను. పిల్ల బడి దాని మీదే నడస్తాది. ఇప్పుడు ఈ పని ఉన్నాదని ఈయన రాయకపోతే అది పోతాది. అదే నా బయం, అదే నా మనవి. సెప్పడానికి సిగ్గేసి సెప్పలేదు, అంతే."

పాట ఆగిపోయింది. లూసీ ముసుగు సర్దుకుంది. "ముందే సెప్పొచ్చు కదే" అని గొణిగింది, "పదిమందిమి ఉపాసాలున్నాం."

మనోజ్‌కుమార్ గొంతు తగ్గించాడు. "మీ తక్లీఫ్ సమఝైంది దీదీ. మీ తరఫు ఓకే. లేకిన్ ఈయన సంగతి? రేపు ఆడిట్ వస్తే నా మెడకి చుట్టుకుంటుంది. అబద్ధం రాయలేను." జేబులోంచి పెన్ను తీశాడు. రాసింది పైకి చదివే అలవాటుంది అతనికి. "పని ఇచ్చువారు... వృద్ధులు. పరిస్థితి... చాలా నాజూకు. ఆరు నెలలు... కష్టం."

మంచం మీద ఒక కన్ను తెరుచుకుంది.

"ఎవులికి కష్టం?"

మనోజ్‌కుమార్ పెన్ను ఆగింది.

"ఎవుడివిరా నువ్వు? డాక్టరువేటి?" సత్యారావు గారు మోచేతుల మీద లేచారు. "ముప్పై నాలుగేళ్ళు ఫర్నేస్ ముందల నిలబడినోణ్ణి. ఐరన్ పొంగి మీదకొస్తంటే గ్యాంగునంతా బయటికి తోలి ఆఖర్న వొచ్చినోణ్ణి. నాను ఎన్ని నెలలుంటానో నువ్వు కాయితం మీద రాసీస్తావా?"

"దాదాజీ, మీరు పడుకోండి, అది రూలు—"

"రూలు నాకు సెప్తావా?"

దుప్పటి కింద పడింది. పెద్దాయన నేలమీద నిలబడ్డారు. ఫ్లోరా పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని ఒక అడుగు వేశారు, ఇంకో అడుగు వేశారు. మనోజ్‌కుమార్ ఫైలు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాడు. గుమ్మం దాటాడు, వరండా దాటాడు, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా వెళ్ళాడు. పెద్దాయన గేటు దాకా తరిమారు.

"తియ్యి కాయితం. ఆ ముక్క కొట్టీ. కొట్టీసి పక్కన సంతకం ఎట్టాల, మాదగ్గిర అదీ పద్దతి. ఇప్పుడు రాయి. ఆరు నెలలు గ్యారంటీ అని రాయి."

మనోజ్‌కుమార్ తన స్కూటరు సీటు మీద కాగితం పెట్టి, కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్ళీ రాసి, మళ్ళీ సంతకం పెట్టాడు. ముద్ర కూడా వేశాడు. లూసీ తెచ్చిచ్చిన చెప్పులు వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఫ్లోరా ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఏడుపొచ్చింది. ఈ నెల జూడీ ఫీజు కట్టొచ్చు. వచ్చే నెల కూడా కట్టొచ్చు. ఆడవాళ్ళు ముగ్గురూ వరండాలో స్తోత్రాలు చెబుతున్నారు. గేటు పట్టుకుని నిలబడ్డ సత్యారావు గారు తన కాళ్ళవైపు తనే చూసుకుంటున్నారు.

"నడిసీసినాను కదే అమ్మీ" అన్నారు.

"నడిసీసినారు బాబాయిగారూ."

సరిగ్గా అప్పుడే సడక్ మలుపులో కృష్ణప్రియ స్కూటీ కనబడింది. ఇంటి ముందు ఏడుపులు వినబడుతున్నాయని పక్క క్వార్టరు వాళ్ళు ఫోను చేసినట్టున్నారు, ఆఫీసులోంచి పరిగెత్తుకొస్తోంది. ఫ్లోరా కన్నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. గేటు దాకా నడిచే మామగారికి మనిషెందుకు? ముద్ర వేసిన కాగితం చేతిలోనే ఉంది, పని మాత్రం స్కూటీ వచ్చేలోపు పోతుంది. ఆమె కాగితం మడతపెట్టేసింది. ఆ మాట పైకంటే పెద్దాయన నడవడం పాపం అన్నట్టుంటుంది.

సత్యారావు గారు స్కూటీని చూశారు, ఫ్లోరా మొహం చూశారు.

"ఇలగ సూసిందంటే నిన్ను మానిపించీస్తాది" అన్నారు మెల్లగా. "నన్ను లోనెట్టి తాళం ఏసీసి ఆపీసుకెల్పోద్ది. నువ్వు రాకముందు రెండు వారాలు అదే సేసింది. పొద్దుగూకులూ గోడల్తో మాటాడుకున్నాను. నా వల్ల కాదు."

వచ్చినదానికన్నా వేగంగా ఆయన వరండా ఎక్కి, గది దాటి, మంచమెక్కి, దుప్పటి గెడ్డం దాకా లాక్కున్నారు. కృష్ణప్రియ హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చింది. దక్షిణానికి తిరిగిన మంచాన్నీ, బైబిళ్ళు పట్టుకున్న ముగ్గురినీ చూసి గుమ్మం పట్టుకుంది.

"మావయ్యగారూ, ఎలా ఉంది?"

"లెగలేకపోతన్నానమ్మా" అన్నారాయన నీరసంగా. "ఫ్లోరా పక్కనుంటే కొద్దిగా దైర్యంగా ఉంటాది."

కృష్ణప్రియ ఫ్లోరా వైపు తిరిగింది. "నీ ఆపరేషనేమైంది?"

"దానికేటి రోగం, గుండ్రాయిలాగున్నాది" అంది లూసీ. "తప్పంతా మాది. ఆసుపత్రిలో పనిసేస్తన్నాను, నేను సెప్తన్నాను కదా. నమ్మండి."

కృష్ణప్రియ నమ్మింది. వేరే మనిషిని వెతికే ఓపిక ఆమెకీ లేదు. రేపట్నుంచి మామూలుగానే రమ్మంది.

ఆ తర్వాత సత్యారావు గారి ఆరోగ్యం బాగా కుదురుకుంది గానీ, ఆయన జూడీకి బడి ఉన్న రోజుల్లో, బడి వేళల్లో మాత్రమే నడిచేవారు.